తుకారాం కాకా, దీవించకు

ఎడపల్లిలో తుకారాంకు ఉన్నది ఒకే ఒక్క గుణం: ఓర్వలేనితనం. అది ఇతర గుణాలకు చోటు మిగల్చకుండా ఆయనలో నిండుగా ఉండేది. ఎదురింటి బీరతీగ పూత పట్టినా ఆయన కడుపు మండేది. పక్కవాడు హాయిగా తుమ్మినా, "మాకు గిట్ల తుమ్ము రాదు గదా!" అని నిట్టూర్చేవాడు. లోకంలో ఓర్వలేనివారు కొల్లలు; అయితే వారు ఆ సంగతిని నవ్వుతో కప్పిపుచ్చుకొంటారు. తుకారాం అట్టి మోసానికి ఎన్నడూ పాల్పడలేదు. మంట పుట్టిన చోటనే నిలబడి, మండుచున్నదని బహిరంగంగా ప్రకటించి, ఆ ఇంటివారినే మజ్జిగ అడిగి, తాగి మరీ వెళ్ళేవాడు.

పూర్వం ఆయన కాటా దగ్గర చెరకు బండ్లు తూచేవాడు. కొలువు ముగిసిన పిమ్మట వాడకట్టువారు ఆయనను మరొక తూకానికి వినియోగించుకోసాగారు. ఎవరికైనా రెండు దారులు ఎదురై ఏది మేలో తోచనప్పుడు, రెండింటినీ తుకారాం ముందు పెట్టవలెను. ఏ మాటకు ఆయన కడుపు మండితే అదే మేలైనది. ఏ మాటకైనా ఆయన చల్లగా దీవించినచో దానిని తక్షణమే విరమించుకోవలెను. ఈ పద్ధతిని ఎవరు ప్రవేశపెట్టారో తెలియదు గానీ, ఉల్లంఘించినవారు మాత్రం లేరు.

ఎదురింటి సంజనకు ఊహ తెలిసిన నాటినుండి ఈ వేడుక చూడటం అలవాటే. ఒకసారి గంగుబాయి రెండు బర్రెలను తోలుకొని వచ్చి ఆయన వాకిట నిలబెట్టింది. బలిసిన బర్రెను చూసి తుకారాం, "కొనుక్కో అక్కా, సల్లగుండు" అన్నాడు. గంగుబాయి ముఖం పాలిపోయింది. బక్క బర్రెను చూడగానే ఆయన గుండెల మీద చెయ్యి వేసుకొన్నాడు.

"అరె బాబా! దీని కండ్లు సూడు, ఎంత సక్కగున్నయి! మా ఇంట్ల ఎవ్వలికన్న ఉన్నయా గసొంటి కండ్లు?"

ఆయన భార్య భీమవ్వ లోపలినుండి అందుకొన్నది: "అయితె ఆ బర్రెనే కట్టుకోకపోయినవ్!"

బక్క బర్రె కడవల కొద్దీ పాలిచ్చింది. అట్లే రాజారాం బోధన్ బస్టాండు ఎదుట హోటలు పెట్టదలచినప్పుడు తుకారాం నిండు మనసుతో ఆశీర్వదించాడు. రాజారాం ఏడ్పు ముఖంతో ఇంటికి పోయి ఆ ఆలోచన మానుకొన్నాడు. ఏడాది తిరగకుండానే ఆ వరుసలోని దుకాణాలన్నీ రోడ్డు వెడల్పులో పోయాయి.

ఇట్టి మహనీయుని ఎదుటికి తన బతుకు కూడా ఒకనాడు తూకానికి వస్తుందని సంజన అనుకోలేదు.

ఆమె నిజామాబాద్‌లో డిగ్రీ ముగించింది. సైన్యంలో అఫ్సరు కావలెనన్నది ఆమె పట్టుదల. దానికి రెండు పరీక్షలు కనబడినవి. ఒకటి సీడీఎస్, గెలిచిన ఆడపిల్లలకు చెన్నైలోని సైనిక అకాడమీకి దారి. రెండవది ఏఎఫ్‌క్యాట్, అది వాయుసేనకు. రెండూ రాయవచ్చును గదా అంటే, ఆమె తండ్రి రవీందర్ చెరకు రైతు. ఒక మడిలో రెండు పంటలు వేసే మనిషి కాడు.

"ఒక్కటే పట్టుకో బిడ్డా. ఒక్క ఏడాది ఇస్త. కాకపోతె బీఎడ్‌ల సేరాలె," అన్నాడు.

సంజన మనసు ఏఎఫ్‌క్యాట్ మీదనే ఉన్నది. కారణం శిరీష. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదివినవారు. శిరీష ఆ పరీక్షకు సిద్ధమవుతూ, ఫోనులో తన పేరు పక్కన విమానం బొమ్మ పెట్టుకొన్నది. ఆ బొమ్మను చూసినప్పుడల్లా సంజనకు అన్నం సహించేది కాదు. ఆ కోపంలో ఆమె పరీక్ష ప్రకటనలోని విమానాన్ని చూసినంత శ్రద్ధగా, దాని కింద ఉన్న అర్హతల పంక్తులను చూడలేదు.

ఈ సంగతి తల్లి సుమిత్రమ్మ బీడీలు చుట్టే చోట అనడం, వారమంతా అది వాడకట్టులో తిరగడం జరిగినవి. ఆదివారం నాడు తుకారాంను సగౌరవంగా పిలిపించి మంచం మీద కూర్చోబెట్టారు.

"తుకారామన్నా, మా పోరి అఫ్సర్ పరీక్ష రాస్తనంటున్నది," అని రవీందర్ మొదలుపెట్టాడు. "ఒకటి గాలిమోటరు ఫౌజుకట."

తుకారాం మీసం సవరించుకొన్నాడు. "మంచిదే బిడ్డా. రాయి. దేవుడు సల్లగ సూస్తడు."

సుమిత్రమ్మ చేతిలోని చాట జారి తునికాకులు నేల పాలైనవి.

"అన్నా, జర మల్ల ఇను," అని రవీందర్ బతిమాలాడు. "గాలిమోటరు! నీ ఇంటి మీదికెల్లే పోతది."

"పోనియ్యి, నెత్తికి గాలన్న తగుల్తది. నిండు నూరేండ్లు బతుకు బిడ్డా."

"ఓ అవ్వా, ఇంకో దీవెన!" అని సుమిత్రమ్మ తల పట్టుకొన్నది.

సంజన ఉండబట్టలేకపోయింది. "కాకా, నేను ఆకాశంల ఎగిరితె నీకు మండదా?"

"ఎందుకు మండాలె? కాకులు గూడ ఎగుర్తయి."

రవీందర్ నీరసంగా రెండవది చెప్పాడు. "ఇంకోటి సీడీఎస్. ఆర్మీ అఫ్సర్."

తుకారాం దిగ్గున లేచాడు. "ఆర్మీనా? భుజం మీద సుక్కలుంటయా?"

"ఉంటయి."

"ఎదురొచ్చినోడు సలాం కొడ్తడా?"

"కొడ్తడు."

"అరె బాబా! గన్నేండ్లు కాటా కాడ నిలవడ్డ, ఒక్క ఎద్దన్న నాకు సలాం కొట్టిందా? సుమిత్రమ్మా, మజ్జిగ తే! ఉప్పు దండిగెయ్యి! కడుపుల కొలిమి రాజుకున్నది!"

తీర్పు వెలువడింది. ఇల్లంతా పండుగ అయినది. సంజన మాత్రం ముఖం ముడుచుకొన్నది. ఈ ముసలాయన తెలివి మీరి, తనకు ఆకాశం దక్కకుండా కావాలనే తలకిందులుగా మండినాడని ఆమెకు అనుమానం. మరునాడే నిజామాబాద్ బస్సెక్కి, ఖిల్లా దగ్గర పిల్లలకు ఈ పరీక్షల సంగతులు చెప్పే రిటైర్డు సుబేదార్ జలీల్ సాబ్ ఇంటికి పోయింది.

"ఇంటర్‌ల ఏం తీసుకున్నవ్ బేటీ?" అని ఆయన అడిగాడు.

"బైపీసీ."

"ఇంటర్‌ల లెక్కలు లేంది హవాయి జహాజ్ నడిపే కొలువు రాదు. నేల మీద జేసే కొలువులున్నయి, అవి గూడ ఇజ్జత్ కొలువులే. కానీ పరీక్షల లెక్కలుంటయి. వస్తయా?"

సంజన చాప అల్లికను పరిశీలించసాగింది.

"చెన్నై అకాడమీకైతె రాతపరీక్షల ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, గంతే. అయినా గిదంతా మొన్ననే చెప్పి పంపిన గదా!"

"ఎవలికి సాబ్?"

"ఎడపల్లి పెద్దమనిషి. పేరు చెప్పలే. 'బిడ్డకు లెక్కలంటె బుగులు, ఏది రాస్తె గెలుస్తది' అని అడిగిందే అడిగిండు. పోతా పోతా మా పరదా పట్టుకొని, 'గింత మంచి పరదా మా ఇంట్ల లేకపాయె' అని ఏడ్సిండు."

లోపలినుండి ఆయన భార్య రుఖయ్యా గొంతు వినిపించింది: "మజ్జిగ గూడ తాగిండు!"

ఇక పేరుతో అవసరం లేకపోయినది.

సంజన తిరిగివచ్చి నేరుగా తుకారాం వాకిట నిలబడింది. "కాకా, జలీల్ సాబ్ కాడికి ఎందుకు పోయినవ్?"

తుకారాం దొంగవలె చుట్టూ చూశాడు. "మెల్లగనే!"

"రాజారాం కాకా హోటలప్పుడు గూడ గిట్లనే అడిగొచ్చినవా?"

"రోడ్డు ఆఫీసుల అడిగిన."

"మరి బక్క బర్రె?"

"అమ్మెటోని పక్కింటామెను అడిగిన."

"సక్కగ సలహా జెప్పొచ్చు గదా!"

"సెప్పిన కాలం గూడ ఉండె బిడ్డా. 'కాటా కాడ ఉండెటోనికి ఏం ఎరుక' అన్నరు. ఒకనాడు నిజంగనే కడుపు మండి గట్టిగ ఒర్రిన. గప్పుడు అందరు ఇన్నరు. సలహా ఇస్తె ఎవడింటడు? ఏడిస్తె ఊరంత ఇంటది." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకో ముచ్చట. నీకు ఆకాశం మీద పావురం లేదు, ఇష్టం లేదు. శిరీష మీద మంటున్నది. మంట సంగతి నాకెరుక లేదా? పుట్టినకాడికెల్లి అదే పని."

సంజన చాలాసేపు కోపంగా ఉండటానికి ప్రయత్నించి, విఫలమై నవ్వింది. ఆ రాత్రే శిరీషకు ఫోను చేసి, నెలల తరబడి నోరు దాటని శుభాకాంక్షను చెప్పివేసింది. తరువాత ఇంగ్లిష్ పుస్తకం తెరిచింది.

రాతపరీక్ష నెగ్గింది. ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష కూడా దాటింది. చెన్నైకి ప్రయాణమైన ఉదయం వాడకట్టంతా వాకిట చేరి తుకారాం మంట కోసం ఎదురుచూచినది. ఆయన వచ్చాడు. ఆమె పెట్టెను, బూట్లను చూశాడు. చివరకు ఆమె తలమీద చెయ్యి వేసి, "సల్లగ ఉండు బిడ్డా," అన్నాడు.

వాకిలి కొయ్యబారింది.

"ఆగమైతిమి!" అని సుమిత్రమ్మ కూలబడింది. రవీందర్ పెట్టెను మెల్లగా ఇంట్లోకి జరపసాగాడు. "టికెట్ వాపస్ చేద్దామా?" అని రాజారాం అడిగాడు.

సంజన చప్పున వంగి తుకారాం పాదాలు పట్టుకొని, ఆయనకు మాత్రమే వినబడేటట్లు అన్నది: "కాకా, నీ కాల్మొక్త, జరంత మండు!"

తుకారాం ఉలిక్కిపడ్డాడు. కర్తవ్యం గుర్తుకు వచ్చింది. రొమ్ము బాదుకొన్నాడు.

"అయ్యో నా కడుపు గాల! మా ఖాందాన్‌ల ఎవడన్న గిసొంటి బూట్లేసిండా! మజ్జిగ తేండ్రి! సచ్చిపోతున్న!"

వాకిలి ఊపిరి పీల్చుకొన్నది. సుమిత్రమ్మ పరుగున కుండెడు మజ్జిగ తెచ్చింది. పెట్టె బయటికి వచ్చినది.

బస్సు ఎడపల్లి దాటబోవుచుండగా, వెనుకనుండి ఎవరో పరుగెత్తుకొని వచ్చారు. వాడకట్టు దూరంగా ఉండిపోయినది. ఆయన తూకాన్ని నమ్మేవారు ఎవరూ వినేటంత దగ్గరలో లేరు. తుకారాం ఒక చేత్తో మజ్జిగ గ్లాసు, ఒక చేత్తో పంచె పట్టుకొని, ఆమె కిటికీవైపు చూసి రొప్పుతూ అరిచాడు:

"కిటికీ సీటా! గన్నిసార్లు నిజామాబాద్ పోయొచ్చిన గదనే, నాకొక్కపారన్న దొరకలే!"

ఈ మంట మాత్రం అచ్చంగా ఆయనదేనని సంజనకు తెలిసిపోయింది.