ఒక్క ఓటు పడిన బూతు

మా ఊరికి దగ్గరి పట్నం కళ్యాణదుర్గం. సంతకైనా, ఆస్పత్రికైనా, వేరుశనగ విత్తనాలకైనా షేర్ ఆటో ఎక్కి అక్కడికే పోయేవాళ్ళం. నా చిన్నప్పుడు మా ఎమ్మెల్యే ఆఫీసు కూడా అక్కడే ఉండేది. తర్వాత నియోజకవర్గాల హద్దులు మార్చినప్పుడు మా వైపు ఊళ్ళు కొన్నింటిని తీసి వేరే నియోజకవర్గంలో కలిపారు. దాని కేంద్రానికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఎమ్మెల్యే ఎవరైతే మనకేమి అనుకున్నారు.

తాగునీటి పైపు వచ్చినప్పుడు తెలిసింది. పాత నియోజకవర్గంలో ఊరూరికీ పైపు వేసుకుంటూ వచ్చి, మా ఊరి ముందరి వంక దగ్గర, ఆ వాగు గట్టునే ఆపేశారు. వంకకు ఇవతల వాళ్ళ ఎమ్మెల్యేది కాదు. మా కొత్త ఎమ్మెల్యేను అడిగితే, మీరు కొసాకి ఉన్నారు, అంత దూరం పైపు లాగడానికి నిధులు రావాలన్నాడు. వంక అవతలి ఊళ్ళో కొళాయి తిప్పితే నీళ్ళు. మా బోర్లు ఎండిపోయి, మాకు ట్యాంకరే దిక్కయింది. అమ్మా నేనూ బిందెలు తీసుకుని వంక దాటి పోతే ఆ ఊరివాళ్ళు కొన్నాళ్ళు పట్టుకోనిచ్చారు. ఎండలు ముదిరాక, మాకే చాలడం లేదు, ఇంక రావద్దమ్మా అన్నారు. కోపంగా కూడా అనలేదు.

నాయనకు ఆ వంక తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. మా ఊరిని పాత దాంట్లోనే కలపండని తహసీల్దారును అడిగాడు, కలెక్టరాఫీసుకు పోయాడు, ఓట్లకొచ్చిన ప్రతి నాయకుణ్ణీ అడిగాడు. హద్దులు మా చేతిలో లేవు, ఢిల్లీ నుంచి కమిషన్ రావాల్సిందే అని అందరూ ఒకే మాట చెప్పారు. ఆ కమిషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. చేనులో కాయ పట్టకపోతే మళ్ళీ ఏడు చూద్దామనుకోవచ్చు, దీనికి ఏ ఏడని చూసేది అనేవాడు.

ఆఖరికి అసెంబ్లీ ఎన్నికలొచ్చినప్పుడు ఊరంతా ఓటు వేయకూడదని తీర్మానించింది. ఆ మాట ముందు ఎత్తింది నాయనే. నేను అప్పటికి కళ్యాణదుర్గంలో ఒక బట్టల కొట్టులో పనిచేస్తున్నాను. పోలింగ్ రోజు సెలవిస్తే ఊరికి వచ్చి, బడి ముందర ఆడవాళ్ళతో పాటు కూర్చున్నాను. బడే పోలింగ్ బూతు. లోపల సిబ్బంది మిషను ముందు పెట్టుకుని ఖాళీగా కూర్చున్నారు. పెద్ద ఆఫీసరు జీపులో వచ్చి బతిమాలాడు. నీళ్ళ సంగతి ఎన్నికలయ్యాక చూద్దామన్నాడు. ఎవరూ లేవలేదు. గెలుస్తాడనుకున్న అభ్యర్థి తరఫు మనిషొకడు వచ్చి, మీ ఓట్లు లేకున్నా మాకేమీ కాదప్పా అని నవ్వి, బండెక్కి పోయాడు. ఆ మాట నిజమని మాకూ తెలుసు. నియోజకవర్గం కొసన ఉన్న చిన్న ఊరికి ఎవరు భయపడతారు?

మధ్యాహ్నం పోలింగ్ సిబ్బందిలో ఒకాయన నీడకని బయటికొచ్చి నాయన పక్కన నిలబడ్డాడు. చెడు ఉద్దేశంతో చెప్పినట్లు లేదు. ఓట్లే పడని చోట బూతెందుకని తీసేసి, పక్క ఊరి బూతులో కలిపేస్తారేమో, ఆలోచించుకోండి అన్నాడు.  

పోలింగ్ ముగిసే వేళకు నాయన లేచి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, బడి మెట్ల వైపు నడిచాడు.

"నాయనా, యాడికి పోతాండావు?" అన్నాను.

"ఈడ ఒక ఊరు ఉండాదని ఒకరన్నా చెప్పల్ల కదమ్మా," అన్నాడు.

ఎవరూ ఆయన్ని పట్టుకోలేదు. బయటికొచ్చేటప్పుడు వేలి మీద సిరా తడిగా ఉంది. మా చిన్నాయన కొడుకు, నాకు అన్న, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఓటెయ్యొద్దంటివి నువ్వే, వేస్తివి నువ్వే. మమ్మల్ని ఏం జేసినట్లు పెదనాయనా?"

నాయన పక్కకు తప్పుకుని ఇంటికి నడిచాడు. ఆ రోజు మా ఇంటి ముందు నుంచి పోయినవాళ్ళెవరూ తల తిప్పి చూడలేదు.

అసలు దెబ్బ లెక్కింపు రోజు తగిలింది. ఓట్లు బూతు వారీగా లెక్కిస్తారు. మా బూతు మిషన్లో ఉన్నది ఒకే ఒక్క ఓటు. అది ఓడిపోయిన అభ్యర్థికి పడిందని లెక్కింపు హాల్లో ఉన్న ఏజెంట్లందరూ చూశారు. సాయంత్రానికి నియోజకవర్గమంతా తెలిసిపోయింది. ఇంట్లో అమ్మకు కూడా చెప్పని మాటను అంగళ్ళ దగ్గర చెప్పుకున్నారు.

"ఓటు ఎవురికీ తెలీదంటిరి కదమ్మా," అన్నాడు నాయన నాతో. చదువుకున్నదాన్ని కాబట్టి నన్నడిగాడు. 

ఆ ఓడినవాణ్ణి నమ్మే వేశావా అని అడిగాను. నమ్మలేదన్నాడు. హద్దులు మార్చేటప్పుడు మీ ఊరి సంగతి మాట్లాడతానని అన్నది వాడొక్కడే, అందుకే వేశానన్నాడు.

ట్యాంకరు గెలిచినవాళ్ళ మనిషిది. లెక్కింపు మరుసటి రోజు నుంచే రావడం మానేసింది. ఊళ్ళోవాళ్ళు పోయి అడిగితే, మీ ముసలాయన ఎవరికేసినాడో వాణ్ణే తెమ్మనండి నీళ్ళు అన్నాడట. రోహిణి ఎండలు. బోరు కొడితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. పసిబిడ్డలున్న ఇళ్ళలో బాటిల్ నీళ్ళు కొన్నారు. గొర్రెలున్నవాళ్ళు దొరికిన ధరకు అమ్ముకున్నారు. అమ్మ వీధిలోకి పోతే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని, యాడికన్నా పోదాం పా అని నాయన్ను అడిగింది. ఎక్కడికో తనకూ తెలియదు.

నాయన నన్ను వెంటబెట్టుకుని ట్యాంకరు యజమాని ఇంటికి పోయాడు. ఆయన గేటు లోపల కుర్చీ వేసుకుని ఫోన్ మాట్లాడుతూ, మమ్మల్ని ఎండలోనే నిలబెట్టాడు.  నేను నాయన చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ఫోన్ అయిపోయాక యజమాని ఏమప్పా అన్నాడు.

"వేసింది నేను. ఊరు కాదు," అన్నాడు నాయన. "ఊరికి నీళ్ళు తోలు. నా ఇంటికొద్దు."

యజమాని సరే పో అన్నాడు. కొన్నాళ్ళకు ట్యాంకరు వచ్చింది. అమ్మ బిందె తీసుకుని గడప దాటబోతే నాయన వద్దన్నాడు. ఆ మాటకు ఆ ఎండాకాలమంతా కట్టుబడ్డాడు. అమ్మ తెల్లవారకముందే వంక అవతల ఒక రైతు తోటకు పోయి, ఆయన దయతలచి ఇచ్చిన రెండు బిందెలు మోసుకొచ్చేది. నేను కళ్యాణదుర్గం నుంచి వచ్చినప్పుడల్లా డబ్బా నీళ్ళు ఆటోలో వేసుకొచ్చేదాన్ని. నాయన స్నానం మానేసి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేవాడు. ఎవరి మీదా కోపం లేదనేవాడు. రాత్రిళ్ళు మాత్రం పడుకోకుండా అరుగు మీదే కూర్చునేవాడని అమ్మ చెప్పింది.

ఇంత జరిగినా బూతు నిలవలేదు. ఓటర్లు తక్కువన్నారు, పంచాయతీ ఊరి బూతులో కలిపేశారు. అప్పటికే సగం ఇళ్ళవాళ్ళు బెంగళూరుకు కూలి పనులకు పోయారు.

మొన్న జరిగిన ఎన్నికకు నేను నాయన్ను ఆటోలో ఆ పంచాయతీ ఊరికి తీసుకుపోయాను. ఊళ్ళో మిగిలినవాళ్ళు కొందరు అదే ఆటో ఎక్కారు. మా అన్న కూడా ఎక్కి, నాయన పక్కనే కూర్చున్నాడు.  బూతు దగ్గర చీటీలు రాసే కుర్రవాడు ఏ ఊరు తాతా అని అడిగాడు. నాయన చెప్పాడు. ఆ ఊరికి వేరే లైను లేదు, ఇప్పుడు ఇందులోనే, ఆ కొసాకి పోయి నిలబడు అన్నాడు వాడు.

నాయన ఆ లైను వైపు చూశాడు. తర్వాత పక్కనున్న బండ మీద కూర్చున్నాడు. మేము ఓటు వేసి తిరిగొచ్చేదాకా అక్కడే ఉన్నాడు, తను మాత్రం వేయలేదు. జనాభా లెక్కలయ్యాక హద్దులు మళ్ళీ మారుస్తారంట, మనమూ పోయి అడుగుదాం పెదనాయనా అన్నాడు అన్న. అన్ని రోజుల తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే.

"మీరు పోండప్పా," అన్నాడు నాయన. "నేను అడిగినంతా అడిగినాను."

లేవలేకపోతే అన్న చంకల కింద చేతులు వేసి లేపి, ఆటోలో కూర్చోబెట్టాడు.