పెంచలమ్మ పెట్టెలోని రాణి

నేను ఒక రాణి ఈగను దొంగిలించాను. రాస్తుంటే నాకే నవ్వులాటగా ఉంది. ఇన్నేళ్లూ లోపల పెట్టుకుని కుమిలింది ఇదేనా అని మీరు అడగవచ్చు. ఇది కాదు. ఈగ పోతే పోయింది. అది పోవడానికి కారణం ఇంకొక ఆడమనిషి ఒళ్లేనని నలుగురూ అంటుంటే, కాదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుండి నోరు మూసుకున్నాను. మూసుకోవడం కూడా కాదు, నోరు తెరిచి అవునన్నాను. మోస్తున్నది దాన్ని. మా ఆయనకు కూడా చెప్పలేదు, ఆయన పోయేదాకా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం కొంచెం తేలిక. నా పేరు మాత్రం అడగకండి.

మాది అల్లూరుకు తూర్పున, సముద్రం వైపు ఊరు. వరి చేలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలు ఉంటాయి. మా ఆయన అక్కడి బడిలో అయివారు. పంతొమ్మిది వందల అరవైకి కాస్త అటో ఇటో, తేనెటీగలను పెట్టెల్లో పెంచడం నేర్పడానికి ఒకాయన సైకిలు మీద మా వైపు ఊళ్లు తిరిగేవాడు. మా ఆయన మహా ఉత్సాహంగా ఒక పెట్టె తీసుకున్నాడు. మొదటిసారి మూత తీసినప్పుడే కంటి రెప్ప మీద కుట్టించుకుని, మళ్లీ ఆ ఛాయలకు పోలేదు. పెట్టె నా పాలబడింది.

పెట్టె అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అడుగున పలక, దాని మీద ఒక చెక్క గూడు, అందులో వేలాడే చట్రాలు, పైన తేనె కోసం ఇంకో చిన్న గూడు, మూత. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టాలి. పొగ డబ్బాలో కొబ్బరి పీచు రాజేసుకుని, తొందరపడకుండా ఒక్కో చట్రం పైకి తీసి చూడాలి. పెట్టెకంతటికీ రాణి ఒకటే. గుడ్లు పెట్టేది అదొక్కటే కాబట్టి అది ఉంటేనే పెట్టె ఉంటుంది. నాకు ఈ పని బాగా పట్టుబడింది. పట్టుబడిందన్న సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది, అక్కడే వచ్చింది చిక్కంతా.

ఒక ఆచారం సంగతి చెప్పాలి. నెలసరి రోజుల్లో, మా మాటల్లో బయటున్నప్పుడు, ఆడవాళ్లు ఊరగాయ జాడీ ముట్టుకోకూడదు, మల్లె పాదు దగ్గరికి పోకూడదు. పెట్టెలు వచ్చాక ఆ వరసలో ఈగలు కూడా చేరాయి. బయటున్న మనిషి నీడ పడితే ఈగలు లేచిపోతాయని గట్టి నమ్మకం. నేనూ మొదట్లో పాటించాను. ఒకసారి అలా ఉన్నప్పుడే చిప్పలో నీళ్లు ఎండిపోయి, చీమలు బారులు తీరి పెట్టెలోకి పోతుంటే చూస్తూ కూర్చోలేక మూత తీసి శుభ్రం చేశాను. ఏమీ కాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. ఆ తర్వాత ఆ రోజుల్లో చాలాసార్లు తీశాను. ఈగలకు మన చెమట తెలుస్తుంది, మన కంగారు తెలుస్తుంది. మిగతా వాటితో వాటికి పనిలేదు. ఈ మాట నేను ఒక్క మనిషితోనే చెప్పాను. ఆమె పెంచలమ్మ.

పెంచలమ్మ మా వీధికి అవతలి ఇంటి కోడలు. సేద్యగాళ్ల ఇల్లు. అత్త శేషమ్మ, మొగుడు రమణయ్య, ఈ పిల్ల. పెళ్లయి వచ్చి కొన్నేళ్లయినా ఇంకా పిల్లలు లేరు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. నేను పెట్టె తీసినప్పుడల్లా వచ్చి పక్కన నిలబడేది. నేర్పాను. సైకిలాయనతో చెప్పి ఆమెకూ ఒక పెట్టె ఇప్పించాను. తేనె ఇంటికి వస్తుందంటే శేషమ్మ సరేనంది. ఏడాది తిరిగేసరికి ఆమె పెట్టె నా పెట్టెను దాటిపోయింది. ఆమె చెయ్యి నాకంటే నిదానం. పొగ లేకుండా చట్రం తీసినా ఆమెను కుట్టేవి కావు. ఊళ్లో అందరితో, నా శిష్యురాలు, చూశారా అని చెప్పుకుని మురిసిపోయాను. అబద్ధం. లోపల కడుపు రగిలిపోయింది.

ఆ ఏడాది వానలకు ముందు సైకిలాయన వచ్చి, పై ఆఫీసు నుంచి పెద్దవాళ్లు నా పెట్టె చూడటానికి వస్తున్నారనీ, వాళ్లకు నచ్చితే మా మహిళా మండలికి పెట్టెలు వస్తాయనీ చెప్పిపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. ఊరికే ఉండలేక మాటిమాటికీ చట్రాలు తీసి చూశాను. అలా చూస్తున్న ఏ రోజో, చట్రం కిందికి దించేటప్పుడు, రాణి రెండు చెక్కల మధ్య నలిగిపోయింది. నేను గమనించలేదు. ఈగలు గమనించాయి. కొత్త రాణిని పెంచుకోవడానికి వేరుశనక్కాయల్లాంటి పెద్ద గదులు కట్టడం మొదలుపెట్టాయి. అలాంటి గదులు కనిపిస్తే గుంపు చీలి లేచిపోతుందనీ, వాటిని కత్తిరించాలనీ నేను నేర్చుకుని ఉన్నాను. ఆ గదులు చట్రం అడుగు అంచున వేలాడితే గుంపు చీలబోతోందని, చట్రంలోని తేనెపట్టు మధ్యలో ఉంటే రాణి చచ్చిపోయిందని అర్థం. ఈ తేడా నాకు అప్పటికి తెలియదు. నావన్నీ మధ్యలోనే ఉన్నాయి. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ కోసేశాను. ఎంత జాగ్రత్త గలదాన్నో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

రాణి లేదని తెలిసేసరికి గుడ్లు కూడా అయిపోయాయి. రాణిని పెంచేది ఆ గుడ్ల నుంచే కాబట్టి, ఈగలు కావాలన్నా ఇంకో రాణిని చేసుకోలేవు. వాకిట్లో పెద్దవాళ్లు దిగేసరికి నేను చూపించబోయేది చచ్చిపోతున్న పెట్టె.

దారి లేక కాదు. వీధి దాటి పోయి, పెంచలా, గుడ్లున్న చట్రం ఒకటి ఇవ్వు అంటే ఇచ్చేది. రెండు ఇచ్చేది. వాటితో నా ఈగలు రాణిని పెంచుకునేవి. వచ్చేవాళ్లు వచ్చేలోగా అది అయ్యే పని కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది నెపం. అడగలేకపోయాను, అంతే. నేర్పినదాన్ని నేను. నేర్చుకున్నదాని గుమ్మంలో చెయ్యి చాచడమా? ఆ పెద్దవాళ్లు రాకపోయినా నేను అడిగేదాన్ని కాదేమో. ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తోంది.

వాళ్లింట్లో అందరూ నాట్లకు పోయిన మధ్యాహ్నం పోయాను. పెట్టె దొడ్లో మునగ చెట్టు కింద ఉంది. దారిలో పోయేవాళ్లు నన్ను చూసినా ఏమనుకుంటారు? నేను ఆ పెట్టె తీయడం అందరికీ అలవాటే. రాణిని పట్టుకోవడం కష్టం కాలేదు. లేచిపోకుండా పెంచలమ్మ దాని రెక్క చివర కత్తిరించి ఉంచింది, అంత అందంగా నేనెప్పుడూ కత్తిరించలేదు. అగ్గిపెట్టెలో పెట్టి కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చాను. తీగల పంజరంలో ఉంచి నా పెట్టెలో వేలాడదీశాను. నా ఈగలు దాని చుట్టూ మూగి, వాసనకు అలవాటు పడ్డాక వదిలాను. పెట్టెలో అప్పటిదాకా ఉన్న ఏడుపు లాంటి రొద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు ఎంత సంతోషమయిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

వాళ్ల పెట్టెలో గుడ్లున్నాయి, అవి ఇంకో రాణిని చేసుకుంటాయి, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. లెక్క ప్రకారం అది నిజమే. వాన సంగతి మాత్రం మరిచిపోయాను, నెల్లూరు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగి. కొత్త రాణి పుట్టాక ఎండ కాసే వేళ బయటికి ఎగిరి పోతుటీగలతో కలిసి రావాలి. అప్పుడే అది పెట్టే గుడ్లు పనికొస్తాయి. పెద్దవాళ్లు వచ్చి, నా పెట్టె చూసి, మెచ్చుకుని, మా ఇంట్లో ఉప్మా తిని పోయారు. మండలికి పెట్టెలు కూడా వచ్చాయి. ఆ వెనకే ముసురు పట్టింది. ఎండ మొహం చూడలేదు. పెంచలమ్మ పెట్టెలో పుట్టిన రాణి పుట్టినట్టే ఉండిపోయింది.

పెంచలమ్మ రెండు మూడుసార్లు వచ్చి పిలిచింది, ఈగలు తగ్గిపోతున్నాయి, ఒకసారి వచ్చి చూడక్కా అని. అప్పుడు కూడా నా పెట్టె నుంచి పిల్లలున్న చట్రం ఒకటి ఇచ్చి ఉంటే అది బతికేది. కానీ నా పెట్టెలో చట్రం తీస్తే సాయానికి ఆమె పక్కనే నిలబడుతుంది. నిలబడితే ఆ కత్తిరించిన రెక్క ఆమె కంట పడుతుంది. ముసురు తగ్గనీ చూద్దాం అన్నాను. ముసురు తగ్గేసరికి మైనపు పురుగు పట్టులన్నీ తినేసింది. మిగిలిన గుప్పెడు ఈగలు ఒకరోజు లేచిపోయాయి.

శేషమ్మ నన్ను పిలిపించింది. పోయేసరికి వాకిట్లో కూర్చుని ఉంది. పెంచలమ్మ దూరంగా, గొడ్ల చావిడి పక్కన గోతం మీద కూర్చుని ఉంది. బయటుంది.

"అయివారమ్మా, నువ్వు సదువుకున్నదానివి, నిజం చెప్పు. పోయిన నెల ఇది బయటుండి పెట్టె మూత ఎత్తిందంట. చీమలు ఎక్కతా ఉంటే చూస్తా ఊరుకోలేక ఎత్తినానని ఇదే చెప్తా ఉంది. అందుకే గదా ఈగలు పోయినాయి?"

నేను పెంచలమ్మ వైపు చూశాను. ఆమె మొహంలో భయం లేదు. నేను ఏం చెబుతానో ఆమెకు తెలుసు. నేను చెప్పిన మాట పట్టుకునే కదా ఆమె మూత ఎత్తింది.

"అట్టనే అంటారు శేషమ్మత్తా," అన్నాను.

"అనేవోళ్ల సంగతి నాకెందుకు. నువ్వు చెప్పు. అవునా, కాదా?"

"అవును."

పెంచలమ్మ తల దించుకుంది. అక్క కూడా ఎత్తింది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఊరంతా నా మీద పడేది. ఆమె అనలేదు. నేను ఆమెను నిలువునా ముంచిన నిమిషంలోనే ఆమె నా గుట్టు కాపాడింది. నేను వాకిలి దాటి వచ్చేశాను.

నీ దగ్గరుంటే బాగుంటాదని శేషమ్మ ఆ ఖాళీ పెట్టెను కూడా నాకే పంపింది. తీసుకున్నాను. అవును, తీసుకున్నాను. గోకి, ఎండబెట్టి, జీడిమామిడి పూతకు నా ఈగలను రెండుగా చేసి అందులో సగం పెట్టాను. అటు పెంచలమ్మకు ఒక్కొక్కటే నిషేధమయ్యాయి. మిరప నారు కుళ్లినా, బర్రె పాలు తగ్గినా, దాని చెయ్యి మంచిది కాదనేది శేషమ్మ. విత్తనాలు ముట్టనిచ్చేది కాదు. ఊరగాయలు పెట్టే రోజు ఇంట్లోనే ఉండనిచ్చేది కాదు. పిల్లలు ఆలస్యం కావడానికి కూడా అదే కారణమన్నారు. చివరకు ఒక ఆడపిల్ల పుట్టింది. ప్రతి ఏడాదీ నేను వాళ్లింటికి ఒక సీసా తేనె పంపేదాన్ని. ఎంత మంచిదో అయివారమ్మ అని శేషమ్మ పదిమందిలో చెప్పేది. నేను వింటూ నిలబడేదాన్ని. నాకు పెంచలమ్మ మీద కోపం ఉందా? లేదు. మరి ఎందుకు చేశాను? అప్పుడు చెప్పలేదు కాబట్టి తర్వాత చెప్పలేకపోయాను. ఇంతకు మించి జవాబు నాకు దొరకలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై దగ్గరపడే వేళకు శేషమ్మ పోయింది. ఇక అడ్డు లేదనుకుని, మంచి రాణి ఉన్న పెట్టె ఒకటి మా ఆయనతో మోయించుకుని పెంచలమ్మ ఇంటికి పోయాను. ఆయన పెట్టె దించి వెళ్లిపోయాడు. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పెట్టెను చూసింది. దగ్గరికి రాలేదు.

"వద్దులే అక్కా. నా చెయ్యి మంచిది కాదు."

"ఏంది ఆ మాటలు? నేనూ ఆ రోజుల్లో తీస్తానే ఉన్నానని నీకు చెప్పినాను గదా."

"నీకేం కాలేదక్కా. నాకు అయింది. ఒక్కో మనిషి ఒళ్లు ఒక్కో తీరు."

ఆమె ఏడుస్తూ అనలేదు. నాకు తెలియని సంగతి నాకు నెమ్మదిగా వివరించినట్టు చెప్పింది. అంటే, ఆరోజు నేను అబద్ధం చెప్పానని ఆమె అనుకోలేదు. తనలోనే ఏదో ఉందని నమ్మింది. నేను సరేలే అని, పెట్టెను వెనక్కి తెప్పించుకున్నాను.

తర్వాత వాళ్ల అమ్మాయి పెద్దదయింది. శేషమ్మ తనను పెట్టినదానికంటే ఎక్కువగా పెంచలమ్మ ఆ పిల్లను ప్రతిదానికీ దూరం పెట్టేది, నాకొచ్చింది దీనికీ వస్తుందేమో అని. ఆ పిల్ల దొడ్లో ఒంటరిగా కూర్చుని ఉండటం నా గుమ్మంలోంచి చూశాను.

ఇప్పుడు పెంచలమ్మ కోట అనే ఊళ్లో, కూతురి దగ్గర ఉందని విన్నాను. బస్సెక్కితే పోగలను. పోలేదు. ఇప్పుడు చెబితే నా బరువు దిగడమే తప్ప ఆమెకు ఒరిగేదేముంది అని చాలాసార్లు సమర్థించుకున్నాను. ఇంత రాశాక ఆ మాట కూడా నిలబడటం లేదు. ఆమెకు తన చెయ్యి తనకు తిరిగి వస్తుంది. అది తక్కువా?

పెంచలమ్మ ఒంట్లో ఏ దోషమూ లేదు. ఆమె రాణిని తీసుకుపోయింది నేను. ఈ రెండు మాటలూ ఇప్పటిదాకా నా నోటి నుంచి గానీ చేతి నుంచి గానీ రాలేదు. వినాల్సిన మనిషికి కాకుండా మీకు చెప్పాను, అది నాకు తెలుసు. అయినా ఊపిరి కొంచెం ఆడుతోంది.