నాలుగో అంతస్తు లెక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. అక్కడ కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లి కర్చీఫ్ వెయ్యాలి. కూర్చున్నవాళ్లందరూ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు. ఇంటినుంచి తెచ్చుకున్న గైడ్లు తప్ప అల్మారాల్లో పుస్తకం ఒక్కటీ ముట్టరు. అందుకని ఆ అల్మారాలన్నీ నా సొంతమన్నట్టు తిరిగేవాణ్ణి. నేను ఎల్బీనగర్‌లో ఒక టైల్స్ దుకాణంలో బిల్లులు రాస్తాను. డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. కానీ ఇరవై ఏళ్లుగా అక్కడ నేను చదివినవి చెబితే పట్టా ఉన్నవాడైనా కాసేపు ఆలోచించాలి. చాలామందికి చెప్పాను. ఆలోచించినట్టు కనిపించలేదు.

మూడేళ్ల కిందట అట్ట ఊడిన ఒక ఇంజనీరింగ్ ఎకనామిక్స్ పుస్తకం చేతికొచ్చింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని మూడు నెలలు చదివాను. వంతెన కట్టాలా వద్దా, పాత యంత్రాన్ని బాగుచేయించాలా కొత్తది కొనాలా అన్నది ఎలా తేల్చాలో అందులో ఉంది. పదేళ్ల తర్వాత చేతికొచ్చే లక్ష ఇవాళ ఎంతకు సమానమో చెప్పే పట్టికలున్నాయి. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఒక చిన్న సూత్రం. ఇప్పటికే ఖర్చయినది ఎలాగూ తిరిగిరాదు కనక, ఇకముందు ఏం చేయాలో తేల్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదట. ఇంత తేలికైన మాట నా చుట్టూ ఒక్కరికీ తెలియదని జాలిపడుతూ మెట్రోలో ఇంటికి వెళ్లాను.

మొదటి ప్రయోగం ఇంట్లోనే చేశాను. పాత మిక్సీని తుక్కుకు వేస్తే ఎంతొస్తుందో, మరో రెండేళ్లు వాడితే ఎంత మిగులుతుందో పట్టిక వేసి మా ఆవిడకు చూపించాను. ఆమె మొత్తం చదివి, "మరి అది తిరగనప్పుడు పచ్చడి నువ్వు నూరుతవా?" అని అడిగింది. మనిషి శ్రమకు విలువ కట్టే అధ్యాయానికి నేనింకా రాలేదు. కొత్త మిక్సీ కొన్నాం.

తర్వాత అపార్ట్‌మెంట్ మీద పడ్డాను. మాది మన్సూరాబాద్‌లో నాలుగంతస్తుల బిల్డింగు. అసోసియేషన్ అధ్యక్షుడు మొదటి అంతస్తులో ఉంటాడు. ఈ కాలనీ ఒకప్పుడు వాళ్ల తాతల పొలమే. మేము ఎన్ని వాయిదాలు కట్టి కొనుక్కున్నా, ఆయన దృష్టిలో వాళ్ల జొన్నచేలో నిలబడ్డవాళ్లమే. ఆ ఎండాకాలం నీళ్లకు కటకట వస్తే, బోరు ఎక్కడ పడుతుందో చూడటానికి ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషిని పిలిపించాడు. పార్కింగ్‌లో ఒక మూల కాయ నిలువుగా లేచింది. అక్కడే బోరు వేశారు. ఆరువందల అడుగులకు కూడా దుమ్మే వచ్చింది. ఇక ఆపేద్దామని నా సూత్రం చెప్పాను.

"ఆరువందల ఫీట్లు పోయినంక ఆపుతరా?" అన్నాడు అధ్యక్షుడు. "ఇప్పుడు ఆపితే పెట్టిన పైసలన్ని మట్టిల కలిసినట్టే గద."

వెయ్యి అడుగుల దాకా పోయారు. పైసలు మరింత లోతు మట్టిలో కలిశాయి.

వానాకాలంలో లిఫ్ట్ ఆగిపోయింది. మోటారు కాలిపోయిందన్నారు. అసోసియేషన్ నిధిలో ఉన్న డబ్బు ఒక పనికే సరిపోతుంది. దాంతో లిఫ్ట్ బాగుచేయించాలి, లేదంటే అదే బోరును ఇంకా లోతుకు దింపాలి. అందరికంటే లిఫ్ట్ అవసరం ఉన్నది నాలుగో అంతస్తులో ఒక్కతే ఉండే రిటైరైన నర్సుకు. అందరం సిస్టరమ్మ అంటాం. పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా దవాఖానాలో నిలబడి పనిచేసింది. ఇప్పుడు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. లిఫ్ట్ రాకపోతే ఆమెకు బయటి లోకం లేనట్టే. ఈ సంగతి నాకూ తెలుసు. అయితే పుస్తకం చదివినవాడు తెలిసినదాన్ని నమ్మకూడదు, కొలవాలి.

కొలిచాను. దుకాణానికి వారం సెలవు పెట్టి, మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఏ అంతస్తు నుంచి ఎవరు ఎన్నిసార్లు దిగారో, ఎక్కారో నోట్‌బుక్‌లో గీతలు పెట్టాను. నాలుగో అంతస్తు ఆ ఫ్లాటు పక్కన వారమంతటికీ రెండే గీతలు. ఆదివారం చర్చికి దిగింది, చర్చి నుంచి ఎక్కింది. లిఫ్ట్ ఖర్చును పదేళ్లకు పరిచి, వడ్డీ కలిపి, ఆ గీతలతో భాగించాను. సిస్టరమ్మ ఒక్కసారి కిందికి దిగడానికయ్యే ఖర్చుతో విజయవాడకు ఏసీ బస్సులో వెళ్లిరావచ్చని తేలింది. మెట్లెక్కడం వల్ల మిగతావాళ్ల ఆరోగ్యానికి కలిగే మేలును కూడా లాభం కింద చూపించాను. పద్నాలుగు పేజీలు, రెండు గ్రాఫులు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్పైరల్ బైండింగ్ చేయించి, పార్కింగ్‌లో జరిగిన మీటింగ్‌లో చదివాను.

అంత నిశ్శబ్దంగా నా మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. గుంటూరు నుంచి వచ్చి మూడో అంతస్తులో ఉంటున్న ఆయన, లెక్కంటే ఇలా ఉండాలండీ అన్నాడు. అధ్యక్షుడు నా భుజం తట్టి అందరి వైపూ తిరిగాడు. "లెక్క లెక్కనే. లెక్కతోని కొట్లాడుతమా? పైసలు బోరుకు పెడదం." బోరు దండగని ఆఖరి పేజీలో రాశానని చెప్పబోయాను కానీ చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు నాకు కొత్త. ఊరుకున్నాను.

రానివాళ్ల సంతకాలు తీసుకునే పని నాకే అప్పగించారు. నాలుగో అంతస్తుకు ఎక్కాను. సిస్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కళ్లజోడు పెట్టుకుని నా రిపోర్టు పద్నాలుగు పేజీలూ చదివింది. అది పూర్తిగా చదివిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. చదవడం అయ్యాక కాగితాలు సర్ది నా ఒళ్లో పెట్టింది.

"లిఫ్ట్ లేక నేను దిగుతలేను తమ్మీ. నేను దిగుతలేనని లిఫ్ట్ వద్దంటున్నవా?"

కోపంగా అనలేదు. లిఫ్ట్ నడిచే రోజుల్లో పొద్దున పాలకు, సాయంత్రం నడకకు, శుక్రవారం చర్చిలో ప్రార్థనకు, మధ్యలో ఎవరికైనా బీపీ చూడటానికి దిగేదాన్నని, ఇప్పుడు ఒక్కో మెట్టు మీదా కూర్చుని దిగుతున్నానని చెప్పింది. మా ఆవిడకు బీపీ ఉందని మొదట కనిపెట్టింది కూడా సిస్టరమ్మే. ఆ మేలుకు నా పట్టికలో గడి లేదు. సంతకం అడగకుండా దిగి వచ్చేశాను.

మర్నాడు గ్రంథాలయంలో ఆ పుస్తకం తీశాను. ఒక పని చేస్తే ఎలా ఉంటుందో, చేయకపోతే ఎలా ఉంటుందో రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాలుగో అధ్యాయంలోనే ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్ గీత కూడా ఉంది. గీసింది నేనే.

పుస్తకం పట్టుకునే అధ్యక్షుడి దగ్గరకు వెళ్లి నా లెక్క తప్పని చెప్పాను. ఆయన నమ్మలేదు. "నువ్వు రైటని పది మందిల ఒప్పుకున్నంక తప్పంటవేందివయ్యా?" అన్నాడు. కొత్త పట్టిక చూపించాను. చూడలేదు. నేటి విలువ చెప్పాను. ఆవులించాడు. సోమవారం బోరు బండి వస్తుందని, అడ్వాన్సు మర్నాడు ఇవ్వాలని చెప్పి లేచాడు. సిస్టరమ్మ ఒక్కో మెట్టు మీదా కూర్చోవడం నా కళ్ల ముందు కదిలింది. పుస్తకాన్ని సంచిలో పెట్టేశాను.

"అన్నా," అన్నాను, "పోయిన ఏడాది లిఫ్ట్‌కు తలుపులు మార్చినం. అంతకుముందు తీగెలు మార్చినం. ఎంత పెట్టినమో నీకు ఎరుకే. ఇప్పుడు ఒదిలేస్తే పెట్టిన పైసలన్ని మట్టిల కలిసినట్టే గదనే."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"గదే గద నేను మొదటిసంది చెప్తున్న," అన్నాడు.

ఆదివారమే తీర్మానం మార్చారు. నా చేతిరాత బాగుంటుందని మినిట్స్ పుస్తకం నాకే ఇచ్చారు. 'లిఫ్టుపై ఇంతవరకు పెట్టిన ఖర్చు వృథా కారాదు కనుక మరమ్మతు చేయించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని అధ్యక్షుడు చెబుతుంటే, ఇరవై ఏళ్ల చదువును పక్కనపెట్టి గుండ్రంగా రాశాను.

తర్వాతి నెల మీటింగ్‌కు సిస్టరమ్మ లిఫ్ట్‌లో దిగి వచ్చింది. చేతిలో బీపీ మిషను. మినిట్స్ పుస్తకం తెరిచి ఆ తీర్మానం చదివి, కళ్లజోడు మీదుగా నా వైపు చూసింది. కింద సంతకం పెట్టి, కుర్చీ దగ్గరకు లాక్కుని, నన్ను చొక్కా చెయ్యి మడవమంది.