ఓక్ బల్ల మీద గుర్రపు నాడా

మా ఊరి హైస్కూలు పెద్దసారు బల్ల మీద, సిరాబుడ్డి కింద, గుర్రపు నాడా ఆకారంలో ఒక తెల్లటి మచ్చ ఉంది. అది నా వల్ల పడింది. ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో రోజూ డైరీ రాసేదాన్ని. ఆ రోజు పేజీలో కూడా "విశేషాలు ఏమీ లేవు" అనే రాసుకున్నాను.

మా బాపు వడ్రంగి. కొల్లాపూర్ పోయే దారిలో మా ఊరు. నాగళ్లు, బండి చక్రాలు, దర్వాజాలు చేసేవాడు. ఊర్లో హైస్కూలు పెట్టేనాటికి నా చదువు ఎనిమిదో తరగతితో ముగిసి నాలుగేళ్లయింది. కొత్తగా వచ్చిన పెద్దసారు దొర గడి సామాను వేలంలో ఒక బల్ల కొని, బండి మీద మా ఇంటికి పంపారు. దాని కాలు ఒకటి విరిగిపోయింది. కాలు సరిగ్గా కుదిరితే స్కూలు బెంచీలన్నీ బాపుకే ఇస్తానని, లేకపోతే పాలమూరు కార్ఖానాలో చేయిస్తానని చెప్పారు. ఆ ఏడు వానలు పడలేదు. వానలు లేని ఏడు నాగలి ఎవరికీ అక్కర లేదు. బెంచీలు రాకపోతే బాపు సాగర్ డ్యాం దగ్గరికి కూలికి పోవాలి. ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. బాపు తల్లి, మా అవ్వ మాత్రం ఆయన పాత గొంగడి దులిపి ఎండలో వేసింది.

తెలియని కట్టె ఏది వచ్చినా బాపు ముందు దాని పొట్టు కొంచెం నాలుక మీద పెట్టుకునేవాడు. ఆ బల్ల పొట్టు కూడా అలాగే చప్పరించి, "ఒగరున్నది, తుమ్మ లెక్క" అన్నాడు. ఏ చెట్టో మాత్రం ఆయనకు తెలియలేదు. నాకు తెలుసు. అంతకు ముందు ఏడు అదే గడి వేలంలో బాపు ఒక రంపం కొంటే, దానితో పాటు కట్టగట్టి ఇచ్చిన పనికిరాని సామానులో పరదేశపు సీమ చెట్ల మీద రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. అట్టలు లేని డిక్షనరీ పక్కన పెట్టుకుని దాన్ని నాలుగుసార్లు చదివాను. ఓక్ చెట్టు ఆకు అంచు వంపులు వంపులుగా ఉంటుంది, కాయ టోపీ పెట్టుకున్నట్టుంటుంది, పెరగడానికి మనిషి వయసు చాలదు. పైన్ చెట్టుకు సూదుల్లాంటి ఆకులు, బంక ఎక్కువ, ఎదుగుదల ఎక్కువ, గట్టితనం తక్కువ. మా చుట్టుపక్కల ఈ రెండు చెట్లూ లేవు. ఎందుకూ పనికిరాదని తెలిసీ నేను చదివిన మొదటి పుస్తకం అది.

బల్ల ఓక్. కోసిన అంచున సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు వరసలుగా కనిపించాయి, పుస్తకంలో బొమ్మ వేసినట్టే. పైన్ కూడా మా ఇంట్లో ఉంది. సాగర్‌కు మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కలను బాపు ఎవరి దగ్గరో కొని కోళ్ల గూటికని దాచాడు. వాటికి నొప్పుల మందు వాసన, మధ్య మధ్య కళ్లలాంటి ముడులు. ఇవన్నీ బాపుకు చెప్పాలంటే నోరు తెరవాలి. అది నాకు అలవాటు లేని పని.

విరిగిన కాలి స్థానంలో బాపు పాత తుమ్మ మొద్దు చెక్కి కొత్త కాలు బిగించాడు. రంగు కూడా దాదాపు కలిసింది. ఇక సారును పిలవడమే మిగిలింది. అప్పుడు అవ్వకు అనుమానం వచ్చింది. ఏ దేశపు చెట్టో, దాన్ని పట్టుకుని ఏమొచ్చిందో, ఒక రాత్రి ఇనుము చూపిస్తే మంచిదని పట్టుబట్టింది. మా ఇంట్లో బాలింత మంచం కిందైనా, కొత్త బండి కిందైనా ఇనుము పెట్టడం ఆనవాయితీ. అవ్వ గడప మీది గుర్రపు నాడా ఊడదీసి, పసుపునీళ్లలో ముంచిన గుడ్డలో చుట్టి, బల్ల కింద పెట్టి రమ్మని నా చేతికిచ్చింది.

నేను బల్ల దగ్గర కూర్చుని డైరీ తెరిచాను. అంత వెడల్పు బల్ల మీద నేనెన్నడూ రాయలేదు. గాలికి కాగితాలు లేస్తుంటే నాడా మూటను వాటి అంచు మీద బరువుకు పెట్టుకున్నాను. బయట బాపు దగ్గు వినిపించింది. మూటను పక్కకు నెట్టి, డైరీ కొంగులో దాచుకుని లోపలికి పోయాను. మూట బల్ల మీదే ఉండిపోయింది.

పొద్దున చూస్తే బల్ల మీద నల్లటి నాడా ముద్ర. అవ్వకు పట్టలేనంత సంతోషం. లోపలున్నది ఇనుముకు భయపడి బయటికి వచ్చిందని, ఆ నలుపు అదేనని చెప్పింది. బాపు చిత్రిక తెచ్చి రెండుసార్లు తోశాడు. నలుపు లోతుకు దిగింది. ఇంకా తోస్తే పలకలో గుంట పడుతుంది. ఆయన చిత్రిక పక్కన పెట్టి, ఈ పలక తీసేసి పెట్టె చెక్క వేస్తానన్నాడు. అదీ సీమదే, ఇదీ సీమదే, సారుకు చెప్పే వేస్తానన్నాడు. ఊరు దాటి వచ్చిన మనుషులందరినీ ఒకే ఊరివాళ్లని అనుకున్నట్టుంది ఆయన లెక్క.

పైన్ పలక మీద పెద్దసారు ఒక నెల కూడా రాయలేరని నాకు తెలుసు. ఆ నెల తర్వాత మాకు బెంచీలు ఉండవు. రెండు కట్టెలూ ఒకటి కావని చేత్తోనే చూపిద్దామనుకున్నాను. ఆ పూట విరిగిన ఓక్ కాలి ముక్క ఒకటి, పెట్టె చెక్క ముక్క ఒకటి తడిపి, రెండింటి మీదా తలొక మేకు పడుకోబెట్టాను. పొద్దునకు ఓక్ మీద నల్లటి గీత తేలింది. పైన్ మీద తుప్పు రంగు తప్ప ఏమీ లేదు. దాని మీద నా గోటితో నాలుగు గాట్లు పెట్టి, రెండింటినీ బాపు కూర్చునే పీట మీద పెట్టి పొయ్యి దగ్గరికి పోయాను.

బాపు వాటిని చాలాసేపు చూశాడు. తన గోటితో కూడా నొక్కి చూశాడు.

"గిది మెత్తగున్నదవ్వా. సారు మోచేయి పెడితే సొట్ట పడ్తది," అన్నాడు.

"అయితె కోళ్లకే పెట్టు. కోళ్లకు మోచేతులుండయి," అంది అవ్వ.

అందరూ మళ్లీ నల్ల మచ్చ చూస్తూ నిలబడ్డారు. నేను డైరీకి సిరా కొనేదాన్ని కాదు. కరక్కాయలు దంచి, తుప్పు మేకులతో నానబెట్టి ఇంట్లోనే చేసుకునేదాన్ని. కరక్కాయ ఒగరు, ఇనుము కలిస్తే నలుపు. ఓక్ కట్టెలోనూ అదే ఒగరు. బల్ల మీద పడింది దయ్యం కాదు, సిరా. పరికిణీ మీద సిరా పడ్డప్పుడల్లా నేను దేనితో కడిగేదాన్నో అవ్వకు తెలియదు. చలికాలం తెల్లవారుజామున శనగ చేలో గుడ్డలు పరిచి, మంచుతో పాటు దిగిన పులుపును పిండి, అవ్వ ఒక సీసాలో దాచుకునేది. అది ఆమె కడుపునొప్పి మందు.

"శనగ పులుసు పెడితే పోతది బాపు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నా మందు బల్లకు తాగిపిస్తరా?" అంది అవ్వ. అని, తనే పోయి సీసా తెచ్చింది. సగమే ఉన్నదేందని మాత్రం అడగలేదు.

గుడ్డతో అద్దుతూ రెండు పూటలు కూర్చున్నాను. నలుపు పోయింది. దానితో పాటు కట్టె రంగు కూడా పోయింది. నల్ల నాడా ఉన్నచోట తెల్ల నాడా మిగిలింది.

మర్నాడు పెద్దసారు వచ్చారు. కాలును తట్టి చూశారు, బల్ల మీద రెండు చేతులూ మోపి బరువు వేశారు. తర్వాత మచ్చ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగారు. నేను తలుపు వెనక ఉన్నాను.

"మా ఇంట్లనే పడ్డది సార్. నల్లగ ఉండె, తెల్లగ చేసినం. ఇగ గింతకన్న పోదు. మీకు నచ్చకుంటే బెంచీలు పాలమూర్లనే చేయించుండ్రి," అన్నాడు బాపు.

బాపు భుజం మీద తువాలు తీసి మళ్లీ వేసుకున్నాడు. సారు జేబులోంచి కలం తీసి మచ్చ మీద పెట్టి చూసి, ఇక్కడ సిరాబుడ్డి పెట్టుకుంటానన్నారు. బెంచీలకు ఏ కట్టె మంచిదో ఎల్లుండికల్లా చెప్పమన్నారు.

బల్ల బండి ఎక్కింది. అవ్వ నాడాను మళ్లీ గడపకు కొట్టింది. ఆ వానలు లేని ఏడు బాపు సాగర్ పోలేదు. బండి మలుపు తిరిగేదాకా చూసి, ఆయన పనిముట్లు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"బెంచీలకు ఏ కట్టె బాగుంటదో గా పుస్తకంల జర సూడు బిడ్డా. మీ అవ్వ కింద పెట్టుమన్న ఇనుము ఈసారి కిందనే పెట్టు."