పై అరలోని డబ్బాలు

ఆసుపత్రి నుంచి రాధారాణి ఇంటికి చేరేసరికి, వంటింటి పై అరల్లో ఉండవలసిన డబ్బాలన్నీ పొయ్యి పక్క గట్టు మీదికి దిగి ఉన్నాయి. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఆవాలు, మెంతులు ఒకదానినొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. గరిటె పెట్టడానికి కూడా చోటు లేదు.

"నువ్వు చెయ్యెత్తే పనే లేకుండా సర్దేశాను," అంది జయంతి ముఖం తుడుచుకుంటూ. "ఇంక మంచం దిగావంటే చూడు."

జయంతి ఆమెకన్నా కొన్నేళ్లు పెద్ద. ఆ షాంటిలీ ఊళ్లోనే రెండు వీధుల అవతల ఇల్లు. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో కాన్పు జరిగినా, కాలు విరిగినా, ఏ పూట ఎవరు క్యారేజీ తేవాలో నిర్ణయించేది ఆమే. ఆమె ప్రేమను శంకించడానికి ఆధారం లేదు. ఆమె అధికారాన్ని ఎవరైనా ప్రశ్నించిన దాఖలా కూడా లేదు.

రాధారాణి కుడి రొమ్ములోని గడ్డను, దానితోపాటు కుడి చంకలోని గ్రంథులను వైద్యులు తీసివేశారు. తరువాత జరగవలసింది రేడియేషన్. ఈ సంగతిని ఇంత సూటిగా చెప్పవలసి రావడానికి కారణం ఉంది. పరామర్శకు వచ్చినవారిలో ఒక్కరూ రొమ్ము అనే మాట పలకలేదు. "ఆ ఏరియాలో" అన్నారు, "నీ ప్రాబ్లమ్" అన్నారు, ఒకావిడ చూపుతోనే సరిపెట్టింది. పేరు పలకడానికే సిగ్గుపడిన శరీరం మీద తీర్పులు చెప్పడానికి మాత్రం ఎవరికీ సిగ్గు అడ్డురాలేదు. కదలకూడదు. స్నానానికి తొందరపడకూడదు. వంకాయ ముట్టకూడదు. చేయి కదిపితే కుట్లు ఊడిపోతాయి.

నిజానికి ఇంటికి పంపేముందు నర్సు ఇందుకు పూర్తి విరుద్ధంగా చెప్పింది. చేతిని అప్పటినుంచే మెల్లగా కదుపుతూ ఉండాలి, ఆ చేత్తోనే తల దువ్వుకోవాలి, పిడికిలి బిగించి వదలాలి అంది. చెప్పినంతసేపూ ఆ నర్సు, రాధారాణి భర్త శ్రీధర్ వైపే చూసింది. శ్రీధర్ తల ఊపాడు. రోగి వయోజనురాలు, పూర్తి స్పృహలో ఉంది, ఇంగ్లీషు వచ్చు, చేయి ఆమెది. అయినా ఆ గదిలో ఎవరూ ఆమెను ఉద్దేశించి మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక శ్రీధర్ ఆ సూచనలను జయంతికి చెప్పాడు. జయంతి వాటిని కొట్టిపారేసింది.

"ఇక్కడివాళ్లు అలాగే చెప్తారండీ. వాళ్లని వదిలేస్తే రేపే జాగింగ్ చేయమంటారు," అని, చున్నీతో ఆ చేతిని మెడకు కట్టి, కింద దిండు పెట్టింది.

రాధారాణి ఊరుకుంది. ఊరుకోవడం ఆమె స్వభావం కాదు. ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఈ దేశానికి వచ్చిన ఆమెను చట్టం ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోబెట్టింది. ఎమ్మెస్సీ పట్టా ఉన్న మనిషిని, ఏ నేరమూ మోపకుండా. గ్రీన్‌కార్డు చేతికి వచ్చిన ఏడాదే, అందరూ కంప్యూటర్ కోర్సు చేయమంటుంటే, వెళ్లి స్కూల్ బస్సు నడిపే లైసెన్సు తెచ్చుకుంది. "బస్సా? మనవాళ్లు వింటే ఏమనుకుంటారే?" అని అప్పుడు అడిగింది కూడా జయంతే. "అనుకునేవాళ్లని ఎక్కమను, ఎక్కడ దింపాలో నాకు తెలుసు," అంది రాధారాణి. అటువంటి మనిషి ఇప్పుడు క్యారేజీకి ఎదురు చెప్పలేకపోయింది. తన కోసం వాము చారు కాచి తెచ్చినవాళ్లతో వాదించడం కృతఘ్నత అనిపించింది.

రేడియేషన్‌కు ముందు కొలతలు తీసుకునే రోజున ఆ మౌనం ఖరీదు తెలిసింది. బల్ల మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తలమీదుగా పైకి చాచి, అక్కడున్న కడ్డీని పట్టుకోమన్నారు. ఎడమచేయి వెళ్లింది. కుడిచేయి భుజం ఎత్తుదాకా వచ్చి ఆగిపోయింది. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద ఎవరో తీగ బిగించి లాగినట్లయింది. పళ్లు బిగపట్టి మళ్లీ ఎత్తింది. మళ్లీ అక్కడే ఆగింది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. చేయి పైకి వెళ్లి, కదలకుండా నిలిస్తే తప్ప చికిత్స మొదలుపెట్టలేనంది. "రెండు వారాల్లో మళ్లీ చూస్తాను. అంతకు మించి ఆలస్యం కావడం నాకు ఇష్టం లేదు," అంటూ శ్రీధర్ వైపు తిరిగింది.

"నాతో చెప్పండి," అంది రాధారాణి బల్ల మీద నుంచే. "ఈ రెండు వారాలూ ఏం చేయాలో నాతో చెప్పండి. చేయవలసింది నేను."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. క్షమించమంది. ఆ తరువాత చెప్పినదంతా ఆమెకే చెప్పి, ఆ మధ్యాహ్నమే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది.

సాయంత్రం జయంతి పొట్లకాయ కూరతో వచ్చేసరికి రాధారాణి హాల్లో గోడకెదురుగా నిలబడి ఉంది. కుడిచేతి వేళ్లు ఒకదాని తరువాత ఒకటి గోడ మీద పైకి పాకుతున్నాయి.

"ఏంటే ఇది? శ్రీధర్ గారూ, మీరు చూస్తూ కూర్చున్నారా?"

"నన్ను మాట్లాడొద్దందండీ," అన్నాడు శ్రీధర్ సోఫాలోంచి.

"కుట్లు ఊడితే?"

"కుట్లు బాగానే ఉన్నాయక్కా. భుజమే బిగుసుకుపోయింది. ఇవాళ నన్ను వెనక్కి పంపించేశారు. చెయ్యి లేస్తేనే రేడియేషన్ స్టార్ట్ చేస్తారట."

జయంతి క్యారేజీ కింద పెట్టింది. "నేను కదలొద్దన్నందుకేనా?"

కాదనడం తేలిక. రాధారాణి ఆ తేలిక మాట అనలేదు. "నువ్వు చెప్పావు, నేను విన్నాను. నాకేం కావాలో ఎవరూ అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. ఇవాళ్టి నుంచి ఒక రూల్ పెడుతున్నా. నాకు రొమ్ముకి ఆపరేషన్ అయిందని నోటితో అనలేనివాళ్లు నా చేతి గురించి సలహా చెప్పకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్లు నాతోపాటు గోడ దగ్గర నిలబడాలి. మంచం పక్కన కుర్చీ తీసేశాను."

"డ్రిల్ టీచరువైపోయావే."

"బస్ డ్రైవర్ని. అక్కడ సీట్లోంచి లేస్తే ఊరుకోను. ఇక్కడ కూర్చుంటే ఊరుకోను. రా."

జయంతి నవ్వుతూనే వచ్చి నిలబడింది. కుడిచేయి చకచకా పైకి పాకించింది. ఎడమచేయి మాత్రం భుజం దాకా వచ్చి ఆగింది. ఆమె నవ్వు కూడా అక్కడే ఆగింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదులే. పట్టేసింది. షుగర్ ఉన్నవాళ్లకి మామూలేనట."

"ఎప్పట్నుంచి?"

"దీపావళి ముందు నుంచి. జాకెట్టు తొడగాలంటే మీ బావగారు కావలసొస్తోంది. ఎవరితోనైనా అన్నావంటే చూడు."

"నేను వినలేదు," అని శ్రీధర్ లేచి వెళ్లిపోయాడు.

"మరి నా డబ్బాలన్నీ ఎలా దింపావు?"

"స్టూలెక్కి. ఒంటి చేత్తో."

రాధారాణి మళ్లీ గోడవైపు తిరిగింది. కోపం సగం కరిగిపోయింది. మిగతా సగాన్ని ఆమె కరగనివ్వలేదు; దానితో పని ఉంది.

మరునాడు గోడ పని అయ్యాక అన్నిటికన్నా తేలికైన డబ్బాను, బిరియానీ ఆకుల డబ్బాను, కుడిచేత్తో అందుకుంది. గట్టుకు పైనున్న అరల్లో కిందిదాని దాకా చేయి వెళ్లింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని డబ్బా జారలేదు. ఆ వారంలో ఆవాలు, మెంతులు మధ్య అరకు చేరాయి. ఒకరోజు ఉత్సాహం ఎక్కువై మినప్పప్పు డబ్బా ఎత్తబోయింది. చేయి వాచి, ఫిజియోథెరపిస్టు చేత చీవాట్లు తిని, ఆ పూటకు గోడతోనే సరిపెట్టుకుంది. చూడవచ్చినవాళ్లు గోడ పొడవునా వరసగా నిలబడ్డారు. కొందరు మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లలో ఒకావిడ మాత్రం, చేతులు పైన ఉండగా, ముఖం గోడకే తిప్పుకుని, "రొమ్ము దగ్గర ఇంకా నొప్పిగా ఉందా?" అని అడిగింది. రాధారాణి ఉందని చెప్పింది.

రెండోసారి బల్ల మీద పడుకున్నప్పుడు కుడిచేయి భుజం దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. ఆమె ఊపిరి వదిలింది. చేయి తలమీదుగా వెళ్లి కడ్డీని పట్టుకుంది. పట్టు వదలలేదు. యంత్రం తన చుట్టూ తిరిగినంతసేపూ పైకప్పువైపే చూస్తూ చేతిని నిలిపి ఉంచింది. చివర్లో, రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో గురుతుల కోసం చర్మం మీద చుక్కలుగా పచ్చబొట్లు పొడిచారు. ఈసారి డాక్టరమ్మ శ్రీధర్ వైపు చూడలేదు. "సోమవారం మొదలుపెడదాం," అని రాధారాణితో చెప్పింది.

ఆ సాయంత్రం జయంతి చారు పెడతానని వంటింట్లోకి వెళ్లి, గట్టు మీద వెతికింది. "చింతపండేదే?"

"పైన."

జయంతి తలెత్తి చూసింది. స్టూలు కోసం వంగబోయింది.

"నువ్వుండక్కా, నీకు అందదు," అని రాధారాణి కుడిచేయి చాచి, పై అరలోంచి డబ్బా తీసి ఆమె ముందు పెట్టింది. "గురువారం నా ఫిజియోథెరపీ. నీకూ అపాయింట్‌మెంట్ అడిగాను, ఉందన్నారు. ఇమ్మంటావా వద్దా నువ్వే చెప్పు. ఇమ్మంటే నేను డ్రైవ్ చేస్తాను."

జయంతి మూత తీసి, చారుకు కావలసినంత చింతపండు తుంచుకుంది.

"ఇమ్మను," అంది. "బస్సులోనా?"

"కారులో. బస్సుకి ఇంకా టైముంది."