మా తమ్ముడి రాళ్ళకు బంగారు రంగు

2017 జూన్ 11, ఆదివారం, ఉదయం ఏడుంబావుకు మా తమ్ముడి గోదాము తాళం తీశారు. అంతా అప్పుడే మొదలైంది. నిన్న మా వీధి మలుపులో ఎవరో నాయకుడి విగ్రహానికి బంగారు రంగు వేస్తుంటే ఆ వాసన వంటింటిదాకా వచ్చింది, కిటికీ మూసేశాను. రెండేళ్ళయినా నా కోపం తగ్గలేదు, తగ్గాలని నేను అనుకోవడమూ లేదు.

మా తమ్ముడు శిల్పి. విజయనగరంలో గోనెసంచులు నిలవచేసే పాత గోదాము ఒకటి అద్దెకు తీసుకుని, సగంలో తాను రాళ్ళు చెక్కుకుంటూ, మిగిలిన సగాన్ని చిత్రాలు వేసేవాళ్ళకు వదిలేశాడు. గ్యాలరీ అని బోర్డు పెట్టినా ఊరు దాన్ని బొమ్మల కొట్టు అనే పిలిచింది. ఎక్కడా గోడ దొరకనివాళ్ళు వాడి దగ్గరకు వచ్చేవాళ్ళు; చిత్రం అమ్ముడుపోతే డబ్బు వాళ్ళది, పోకపోతే భోజనం మా ఇంట్లో.

వాడు రాయిని ఎన్నడూ నునుపు చేసేవాడు కాదు. ఉలి నడిచిన దారి కనబడాలని, మన కొండల్లో దొరికే మెత్తరాయినే ఏరి తెచ్చుకుని, చెక్కింది చెక్కినట్టే వదిలేసేవాడు. నన్ను కూడా పొందూరు పాతబట్టతో పొడిగా తుడవమనేవాడే తప్ప చుక్క నూనె తగలనిచ్చేవాడు కాదు.

అలా చెక్కినవాటిలో మా అమ్మ ఉంది, చేట పట్టుకుని, పొట్టు దుమ్ముకు కళ్ళు చికిలించి. అమ్మకు ఫోటో లేదు. ఆ కళ్ళ పక్క ముడతలు ఉలిమొనతో వెంట్రుకంత సన్నగా గీసినవి. వేలితో తడిమితే అమ్మే తగిలినట్టుండేది.

వాడు పోయిన ఏడాదికి ఊళ్ళో పెద్దలు సంస్మరణ సభ తలపెట్టారు. మా పెద్దక్క భర్త, మా బావ, దానికి అధ్యక్షుడు. సభకు ముందురోజు, ఆ ఆదివారం, నేను శ్రీకూర్మంలో పిండప్రదానం చేయించడానికి వెళ్తూ, ఊడ్పించి కుర్చీలు వేయించమని తాళంచెవి బోర్డులు రాసే ఆయనకిచ్చాను. ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచెకు పని లేకుండా పోయినప్పుడు, తమ్ముడే పిలిచి, గోడ ఇచ్చి, చిత్రకారుణ్ణి చేశాడు. సొంత అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అనేవాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి పదకొండు రాళ్ళూ బంగారంలా మెరుస్తున్నాయి. అమ్మ పెదాలకు ఎరుపు కూడా వేశాడు.

"సూడప్పా, మూడు పూతలేసినాను. రంగు నా సొంత డబ్బుల్తోనే కొన్నాను," అన్నాడు నిచ్చెన దిగుతూ, నా మెప్పు కోసం.

"ఎవరు వెయ్యమన్నారు?"

"బావగారే సెప్పినారు. పెద్దోళ్ళ ఇగ్రహాలకి ఏస్తాం గదప్పా. మనోడి రాళ్ళకి ఎయ్యకపోతే సిన్నతనం కాదేటి?"

వెనకనుంచి మా బావ అందుకున్నాడు. "బతికున్నన్నాళ్ళూ ఆడికి మెరుగెట్టడానికి తీరలేదు, పాపం. ఇప్పుడు సూడవే, మీ యమ్మ మాలచ్చిమిలా ఉన్నాది."

"తీరక కాదు బావా. వద్దనుకున్నాడు."

"ఒసే, నీకెప్పుడు నచ్చింది గనక," అని నవ్వాడు.

బావకు రాయి సంగతి తెలియదు, ఆయన్ని వదిలేశాను. కానీ ఈ బోర్డులు రాసే మనిషి తమ్ముడి పక్కన కూర్చుని, వాడి ఉలి రాయిని ఎక్కడ వదిలేదో ఏళ్ళ తరబడి చూసినవాడు. తెలిసిన చేతులే పూశాయి. అందుకే నా కోపమంతా ఆయన మీదే మిగిలింది. ఇంకెప్పుడూ ఆ గుమ్మం తొక్కవద్దన్నాను. ఆయన ఏడ్చాడు. నేను మాట మార్చలేదు.

మర్నాడు సభలో అందరూ ఎంత కళ వచ్చిందో అన్నారు, అమ్మ పక్కన నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక టిన్నరూ బ్లేడూ తీసుకుని అమ్మ కుడికన్ను దగ్గర మొదలుపెట్టాను. మెత్తరాయి రంగును తాగేసింది. రంగుతోపాటు రాయి పొడిగా రాలింది, ముడతలతో సహా. చెయ్యి ఆపేశాను. ఆ నెలలోనే గోదాము వదిలేశాను.

మన చిన్నప్పుడు కుండ మీద కుమ్మరి వేలిముద్ర ఉండేది, నేత మీద చేతి తేడా తెలిసేది. వాటిని ఎవరూ లోపమనేవారు కాదు. ఇప్పుడు మెరిస్తేనే గౌరవం, మెరవనిదాని మీద అందరికీ జాలి.

పోయినవి ఇవి. రాళ్ళు పదకొండు. గోడ లేనివాళ్ళకు గోడలు నాలుగు. అప్పా అని పిలిచే మనిషి ఒకడు. అమ్మ ముఖం ఒకటి.