గుమ్మం దాటకముందే వచ్చిన దద్దురు

2014 జూన్‌లో నేను విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగాధిపతిగా చేరాను. విభాగాధిపతి అంటే పెద్ద మాటే గాని, నా అధికారం కింద ఉన్నవి ఒక సీనియర్ రెసిడెంటు, ఒక నర్సు, నాలుగు పడకలు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ ఒకటి వేలాడుతుండేది. చేరిన రోజే తీయించాను. మరుసటి వారం మళ్ళీ కట్టారు. అడిగితే ట్రస్టీగారి ఆజ్ఞ అన్నారు. చిన్నప్పటి నుంచీ సంస్కరణ సభల్లో వాదోపవాదాలు వింటూ పెరిగినదాన్ని. ఆ గుమ్మడికాయ కింది నుంచి రోజూ నడిచి వెళ్ళి రోగులకు శాస్త్రం చెప్పడం నాకు సిగ్గుగానే ఉండేది.

ఆ వర్షాకాలంలో కంకిపాడు అవతల ఒక ఊరి నుంచి హాసిని అనే ఐదేళ్ళ పాపను తీసుకొచ్చారు. తండ్రి వెంకటేశ్వర్లు నేతపని చేస్తాడు. తల్లి నాగమణి భర్త మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. ఏడాదిగా పాపకు ముఖం, మెడ, మోచేతుల కింద ఎర్రగా దద్దుర్లు లేచి, నీరుకారి, దురద పెడుతున్నాయి. తగ్గుతాయి, మళ్ళీ వస్తాయి. ఊళ్ళో వైద్యం చేసే ఆయన స్టీరాయిడ్ మాత్రలు ఇచ్చాడు. అవి వేసినన్నాళ్ళూ తగ్గేది, మానగానే తిరగబెట్టేది. ఆ మాత్రలు నెలల తరబడి పడితే పిల్ల ఎదుగుదల ఆగుతుంది. అప్పటికే ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. బడిలో విడిగా కూర్చోబెడుతున్నారు. కడుపుతో ఉన్నప్పుడు వంకాయ తిన్నదన్న నింద తల్లి మీద ఉంది.

పడకలో చేర్చుకున్నాం. మాత్రలు క్రమంగా తగ్గిస్తూ పైపూతలతోనే చూశాం. వారంలో చర్మం శుభ్రపడింది. ఇంటికి పంపాం. మూడో రోజు తల్లి పాపను భుజాన వేసుకుని తిరిగొచ్చింది. కనురెప్పలు ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మళ్ళీ చేర్చుకున్నాం, మళ్ళీ తగ్గింది, పంపాం. మళ్ళీ అదే కథ.

మా వృత్తిలో దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. చర్మానికి పడని వస్తువేదో తగులుతుంది, ఒకటి రెండు రోజుల తర్వాత చర్మం తిరగబడుతుంది. బట్ట కప్పిన చోట రాకుండా ముఖం, మెడ, చేతుల మీదే వస్తోందంటే ఆ వస్తువు గాలిలో వచ్చి వాలుతోందని అనుమానించాలి. ఆసుపత్రిలో తగ్గి ఇంటికెళ్తే వస్తోందంటే అది ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో ఉన్నది మగ్గం. ఒకే గదిలో మగ్గం, పొయ్యి, పడక. రంగు నూలు, గంజి పట్టిన పడుగు, గాలిలో నూలు దుమ్ము.

వాళ్ళు వాడే రంగులు, నూలు, గంజి తెప్పించి ప్యాచ్ టెస్ట్ చేశాం. అనుమానించిన పదార్థాన్ని కొద్దిగా వీపు మీద అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూసే పరీక్ష అది. దేనికీ ఎరుపు రాలేదు. అంతమాత్రాన మగ్గం నిర్దోషి అనడానికి లేదు. తెచ్చినవి కాక గాలిలో ఇంకేదైనా ఉండవచ్చు.

వెంకటేశ్వర్లు ఓపీ గదిలో నిలబడే మాట్లాడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు.

“మగ్గం వల్లేనని మీరొక్క మాట అనండి మేడమ్. పీకేస్తాను. కొనేవాళ్ళు కూడా ఉన్నారు, శనివారం వస్తామన్నారు. గుణదలలో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ కావాలంటున్నారు, వెళ్ళిపోతాం.”

“వాచ్‌మన్ పని వచ్చా నీకు?” అన్నాను.

“నిద్ర మానుకోవడమేగా మేడమ్. ఏడాది నుంచి అదే చేస్తున్నాం.”

నాగమణి పాప గోళ్ళు కత్తిరిస్తూ కూర్చుంది.

నేను ఆ ఒక్క మాట అనలేకపోయాను. అంటే ఒక కుటుంబం చేతి విద్య పోతుంది. మగ్గం పోయాక కూడా దద్దురు వస్తే? అనకపోతే, మగ్గమే కారణమైతే? పిల్ల మళ్ళీ మాత్రల పాలవుతుంది. ఇంట్లో నాటుమందులేమైనా వాడారా, పసర్లేమైనా పూశారా అని ఎన్నిసార్లు అడిగినా వాళ్ళ జవాబు ఒకటే: “లేదండీ.” వాళ్ళు అబద్ధం చెప్పే మనుషులు కారు.

మూడోసారి డిశ్చార్జి చేసిన గురువారం నేనూ వాళ్ళతో బయలుదేరాను. అంటువ్యాధులు ప్రబలినప్పుడు ప్రజారోగ్య శాఖవారు ఇళ్ళకు వెళ్తారు గాని, చర్మవైద్యులు వెళ్ళరు. “ఓపీ ఎవరు చూస్తారు మేడమ్?” అని రెసిడెంటు గోల పెట్టింది. నువ్వే చూడమన్నాను.

నా కారు వాళ్ళ ఇంటి ముందు ఆగింది. పాప నానమ్మ వీరమ్మ అప్పటికే వీధిలో సిద్ధంగా ఉంది. చేతిలో నిప్పుల మూకుడు.

“అక్కడే ఆగండి! లోపలికి అడుగు పెట్టకండి. డాక్టరమ్మగారూ, మీరూ పక్కన నిలబడండి, మీకూ తీసేస్తాను. మీకు మాత్రం తగలదా ఏంటి, రోజూ అంతమంది కళ్ళు!”

నిప్పుల మీద ఉప్పు వేసింది, ఎండుమిరపకాయలు వేసింది. కొంగు ముడి విప్పి నల్లటి గింజలు రెండు తీసి వేసింది. పాప చుట్టూ మూకుడు తిప్పింది. “వంగవే బుజ్జీ” అంది. అలవాటైన పని కాబట్టి పాప కళ్ళు మూసుకుని ముఖం పొగలోకి వంచింది. గింజ టప్పుమని పేలింది.

“విన్నారా, ఎంత దిష్టో! ఆసుపత్రి నిండా ఏడుపుగొట్టు కళ్ళే!”

ఆ గింజ నల్లజీడి. పూర్వం చాకళ్ళు బట్టలకు చెరగని గుర్తులు పెట్టింది దాని రసంతోనే. ఆ రసం తగిలితే చర్మం పొక్కుతుందని వైద్య విద్యార్థులందరూ చదువుతారు. కాల్చినప్పుడు ఆ జిడ్డు పొగతో పాటు లేస్తుంది. అందరికీ పడకపోవాలని లేదు. వీరమ్మ మూకుడును చేయి చాచి దూరంగా పట్టుకుంటుంది, పాప ముఖం వంచుతుంది. తేడా అక్కడే.

పాపను పక్కకు లాగి సబ్బునీళ్ళతో ముఖం, చేతులు కడిగించాను. అప్పుడు తట్టింది, పాప ఇంకా గుమ్మం దాటలేదని. మగ్గం గాలి తగల్లేదు. ఇప్పుడు లోపలికి వెళితే రేపు వచ్చే దద్దురు దేనివల్లో తేలదు. తల్లిని, పాపను మళ్ళీ కారెక్కించాను.

వీరమ్మ కారుకు అడ్డం నిలబడింది. “పిల్లని ఇంట్లోకి రానివ్వరా? ఇదేం వైద్యమండీ!”

కోపంలో నేను చేయకూడని పని చేశాను. వీధిలో నిలబడి, దిష్టి అనేది లేదని ఉపన్యాసం ఇచ్చాను. ఆమె చివరిదాకా విని, “మీకు లేదులేమ్మా, చదువుకున్నారు. మాకుంది” అంది. జవాబు నాగమణి చెప్పింది. అత్తగారి ముందు ఆమె నోరు విప్పడం నేను చూసింది అదే మొదలు.

“పుట్టినరోజు తర్వాత వచ్చింది అత్తయ్యా. మా చెల్లి పెళ్ళి తర్వాత వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడల్లా వచ్చింది. అన్నిసార్లూ మీరు దిష్టి తీశారు. ఈ ఒక్కసారి వెళ్ళనివ్వండి.”

వీరమ్మ పక్కకు జరిగింది.

ఆ తర్వాతి రెండు రోజుల కంగారు నాకింకా గుర్తుంది. ఆసుపత్రి పడకలో, మగ్గానికి దూరంగా, ఒక పసిదానికి దద్దురు రావాలని నేను ఎదురుచూశాను. నా వృత్తి జీవితంలో అలా కోరుకున్నది ఇంకెప్పుడూ లేదు. శుక్రవారం ఏమీ లేదు. వెంకటేశ్వర్లు ఫోన్ చేశాడు: రేపు మగ్గం కొనేవాళ్ళు వస్తున్నారు, ఏం చెప్పమంటారు? తెల్లారాక చెప్తానన్నాను. శనివారం పొద్దున వార్డులోకి వెళ్ళేసరికి పాప కనురెప్పలు రుద్దుకుంటోంది. బుగ్గలు ఎరుపెక్కాయి. కడిగించినందువల్ల తీవ్రత తక్కువే గాని, వచ్చిన చోట్లు అవే. మగ్గం అమ్మవద్దని చెప్పాను. “నిజమేనా మేడమ్?” అన్నాడు.

నల్లజీడితో ప్యాచ్ టెస్ట్ చేయలేదు, చేయకూడదు. వీపు పొక్కిపోతుంది. మిగిలిన నిరూపణ ఇంట్లోనే జరగాలి. మగ్గం ఆడుతూనే ఉండాలి, గింజ మానాలి. దానికి వీరమ్మ ఒప్పుకోవాలి. ఆమె నాకు కబురు పెట్టింది: గింజ, నిప్పుల మూకుడు మానేస్తాను, పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్ళు తిప్పి పారబోస్తాను, అదీ వద్దంటే పిల్లను గుమ్మంలోకి రానివ్వను. నాలోని సభల మనిషి అదీ కుదరదని చెప్పబోయింది. కాని పరీక్షలో ఒకసారి ఒక్కటే మార్చాలి. దోషం గింజ పొగదని నా వాదమైతే, మార్చవలసింది ఆ పొగ ఒక్కటే. పక్కకు పారబోసే నీళ్ళు చర్మానికి అపకారం చేయవు. ఒప్పుకున్నాను.

దద్దురు తిరిగి రాలేదు. పాప బడిలో పిల్లలతో కలిసి కూర్చుంది. మగ్గం అక్కడే ఉంది. తర్వాత చూపించడానికి వచ్చినప్పుడు వీరమ్మ, ఓపీ వరండాలోని ఆడవాళ్ళందరికీ ఎర్రనీళ్ళ మహిమ చెప్పింది.

ఆ మాట విని ఊరుకోవడం నాకు తేలిక కాలేదు. కారణం తప్పుగా నమ్మితే ఇంకో ఇంట్లో ఇంకో గింజ పేలుతుంది. అయితే ఆ కుటుంబం నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. నేను మందుల గురించి అడిగాను. దిష్టి వాళ్ళ లెక్కలో మందు కాదు, స్నానం చేయించడం లాంటి ఇంటి పని. మనం పెట్టుకున్న పేర్లతో అడిగితే ఆ పేరు లేనిదేదీ జవాబులోకి రాదు. అప్పటినుంచి పదవీ విరమణ దాకా, దద్దురు ఉన్న ప్రతి పిల్ల తల్లిదండ్రులనూ మా విభాగంలో ఒక ప్రశ్న తప్పనిసరిగా అడిగించాను: దిష్టికి ఏం వాడతారు? ఇంజనీర్లను అడిగాను, లెక్చరర్లను అడిగాను, నా తోటి డాక్టర్లనూ అడిగాను. ముందు నవ్వేవారు. నవ్వు అయ్యాక, చాలామంది జవాబు చెప్పారు.